కోల్డ్ స్టోరేజీలో 135 డిగ్రీలు: డ్రైవర్ల రిటర్న్ వాల్యూలని ఒక దారిలో పెట్టడం ఎలా

మాది గుంటూరు. ఇక్కడ మిర్చి యార్డు ఎంత ఫేమసో ఊరి చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలు కూడా అంతే, రేటు పడిపోయినప్పుడు రైతులు టిక్కీలు (మిర్చి బస్తాలు) తీసుకెళ్ళి అక్కడ పెట్టుకుంటారు. అలాంటి ఒక స్టోరేజీకి నేను టెంపరేచర్ లాగర్ చేసిచ్చా. రాస్‌బెర్రీ పై బోర్డు, గదికొక ఎల్ఎం75 సెన్సరు, లైనక్స్ కెర్నెల్‌లో నేను రాసిన చిన్న డ్రైవరు (హార్డ్‌వేర్‌తో మాట్లాడే కోడ్), అంతే. గది ఎప్పుడూ 6 డిగ్రీల దగ్గర ఉంటది. ఒకరోజు రాత్రి రెండింటికి ఓనర్ గారు ఫోన్ చేసి "అబ్బాయ్, నా గది 135 డిగ్రీలంట, మెసేజ్ వచ్చింది, టిక్కీలు వేగిపోతన్నాయా ఏంటి లోపల?" అన్నారు.

వేగలేదు. సెన్సర్ వైరు ఒకటి లూజయింది, అంతే జరిగింది. వైరు లూజైతే సెన్సర్ పలకదు, ఐటూసీ (రెండు వైర్ల మీద చిప్‌తో మాట్లాడే పద్ధతి) డ్రైవరు మైనస్ 121 ఇస్తది, దాన్ని నేనేమో యూ8 (0 నుంచి 255 దాకా మాత్రమే పట్టే) వేరియబుల్‌లో పెట్టుకున్నా. 256లోంచి 121 తీసేయండి ఎంతొస్తదో. అదే 135. అంటే డ్రైవరు పాపం కరెక్టుగానే "చిప్ పలకట్లేదు" అని చెప్పింది, దాన్ని టెంపరేచర్ చేసింది నేను.

ఆ తర్వాత ఇంకో తప్పు చేశా, అది ఇంకా ఇంట్రెస్టింగ్. వేరియబుల్‌ని ఇంట్ (మైనస్ కూడా పట్టే టైపు) చేసి, మైనస్ 121 వస్తే మూడుసార్లు మళ్ళీ ట్రై చెయ్యి అని రాసి హాయిగా పడుకున్నా. కొన్నాళ్ళకి వేరే స్టోరేజీలో వేరే బోర్డు పెట్టాల్సొచ్చింది, దాంట్లో ఐటూసీ పిన్నులు ఖాళీ లేక రెండు మామూలు జీపీఐఓ పిన్నుల మీద ఐటూసీ-జీపీఐఓ డ్రైవర్ వేశా. అక్కడ కూడా వైరు లూజైంది (మన వైరింగ్ గురించి ఇంకో పోస్టు రాయాలి) కానీ రీట్రై జరగనే లేదు. ఎందుకంటే ఆ డ్రైవరు అదే తప్పుకి మైనస్ 6 ఇస్తది. చిప్ అడ్రస్‌కి పలకలేదు అన్న ఒక్క ముక్కనే రాస్‌బెర్రీ పై మీద ఉన్న బీసీఎం2835 డ్రైవర్ ఈరిమోట్‌ఐఓ (121) అంటది, ఇది ఈఎన్‌ఎక్స్‌ఐఓ (6) అంటది. కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లో ఐటూసీ ఫాల్ట్ కోడ్స్ అని ఒక పేజీ ఉంది, దాని ప్రకారం అడ్రస్‌కి పలక్కపోతే ఈఎన్‌ఎక్స్‌ఐఓనే ఇవ్వాలి, కానీ ఏళ్ళ తరబడి ఎవరికి తోచింది వాళ్ళు రాసుకుంటూ పోయారు. ఇప్పుడు మారిస్తే పాత కోడ్ ఎవరిది విరుగుద్దో అని ఎవరూ ముట్టుకోరు.

సో ఈ పోస్టు దాని గురించే. రిటర్న్ వాల్యూ (ఫంక్షన్ పని ముగిశాక తిరిగిచ్చే విలువ) విషయంలో డ్రైవర్లు తలా ఒకటి చెప్తుంటే మన కోడ్‌లో దాన్ని ఎలా సర్దుకోవాలి అని.

ముందు రూల్ ఏంటో, దాన్ని ఎవరెవరు పాటించరో

లైనక్స్ కోడింగ్ స్టైల్‌లో రూల్ సింపుల్. ఫంక్షన్ పేరు ఒక పని చెయ్యమని చెప్పేట్టు ఉంటే సక్సెస్‌కి 0, ఫెయిల్ అయితే మైనస్ ఎర్రర్ నంబర్. పేరు ప్రశ్నలా ఉంటే, అంటే "ఈ పీసీఐ డివైస్ ఉందా" లాంటిదైతే, అవునంటే 1 కాదంటే 0. వినడానికి బానే ఉంది కదా. కానీ కెర్నెల్‌లోకి దిగాక చూస్తే తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నట్టు, మనం ఒకటి అడిగితే అది ఇంకోటి చెప్తది.

ఐటూసీ ట్రాన్స్‌ఫర్‌నే తీసుకోండి, అది సక్సెస్ అయితే 0 ఇవ్వదు, ఎన్ని మెసేజ్‌లు వెళ్ళాయో ఇస్తది. రిజిస్టర్ (చిప్ లోపలి చిన్న మెమరీ గడి) అడ్రస్ పంపడం ఒక మెసేజ్, డేటా చదవడం ఇంకోటి, మొత్తం రెండు పంపితే 2 రావాలి. ఆ రిటర్న్ వాల్యూని రెట్ అనే వేరియబుల్‌లో పెట్టుకుని అలవాటు కొద్దీ "రెట్ సున్నా కాకపోతే ఎర్రర్" అని రాస్తే సక్సెస్ అంతా ఎర్రర్ అయిపోద్ది, అది వెంటనే తెలిసిపోద్ది కాబట్టి పర్లేదు. "రెట్ మైనస్ అయితే ఎర్రర్" అని రాస్తే మాత్రం 1 వచ్చినప్పుడు, అంటే సగమే వెళ్ళినప్పుడు, నోరు మూసుకుని పాత బఫర్‌లో చెత్తని డేటా అనుకుంటది. ఇదే డేంజర్. మాస్టర్ సెండ్ ఏమో బైట్ల లెక్క ఇస్తది. ఎస్ఎంబస్ రీడ్ బైట్ డేటా (ఐటూసీ మీదే ఒక బైటు చదివే ఫంక్షను) అయితే డేటానీ ఎర్రర్‌నీ ఒకే ఇంట్‌లో కలిపి ఇస్తది, మైనస్ అయితే ఎర్రరు, లేకపోతే అదే డేటా. నా 135 పుట్టింది అక్కడే. ఎస్పీఐ (చిప్‌తో మాట్లాడే ఇంకో పద్ధతి) సింక్ మాత్రం బుద్ధిగా 0 ఇస్తది.

యూఎస్‌బీలో కంట్రోల్ మెసేజ్ ఫంక్షను బైట్ల లెక్క ఇస్తది, బల్క్ మెసేజ్ ఫంక్షనేమో 0 ఇచ్చి లెక్కని వేరే పాయింటర్‌లో పెడతది. ఒకే ఇంట్లో అన్నదమ్ములు ఇద్దరు, ఎవడి గోల వాడిది. కంట్రోల్ మెసేజ్‌లో 8 బైట్లు అడిగితే 3 ఇచ్చినా అది ఎర్రర్ కింద రాదు, మనమే చూసుకోవాలి. ఈ బాధ పడలేకే 5.10 కెర్నెల్‌లో కంట్రోల్ మెసేజ్ రిసీవ్ అనీ సెండ్ అనీ కొత్తవి పెట్టారు, తక్కువొస్తే అవే ఎర్రర్ ఇస్తాయి, బాగుంటే 0. కొత్త కోడ్‌లో అవే వాడండి.

టైమ్‌అవుట్ ఫంక్షన్లు పూర్తిగా రివర్సు. వెయిట్ ఫర్ కంప్లీషన్ టైమ్‌అవుట్ అనేది 0 ఇచ్చిందంటే ఫెయిల్ అయినట్టు, టైమ్ అయిపోయింది అని. పని అయితే ఇంకా ఎన్ని జిఫీలు (కెర్నెల్ గడియారం టిక్కులు) మిగిలాయో ఇస్తది, పైగా అది అన్‌సైన్డ్ లాంగ్, మైనస్ అన్న మాటే లేదు. దీన్ని రెట్ అనే వేరియబుల్‌లో పెట్టి కింద "రిటర్న్ రెట్" అన్నారనుకోండి, టైమ్‌అవుట్ అయితే 0 వెళ్ళి పైవాడు (మన ఫంక్షన్‌ని పిలిచిన కోడ్) సక్సెస్ అనుకుంటాడు, పని అయితేనేమో ఏ 47ఓ వెళ్ళి ఎర్రర్ అనుకుంటాడు. అందుకే దీనికి రెట్ అని పేరు పెట్టకండి, టైమ్ లెఫ్ట్ అని పెట్టండి, పేరు చూడగానే చెయ్యి ఆగుద్ది. 0 వస్తే మీరే మైనస్ ఈటైమ్డ్‌అవుట్ ఇవ్వండి. దీంట్లోనే ఇంటరప్టబుల్ రకం ఉంది చూశారూ, దానికి మూడు జవాబులు, మైనస్ వస్తే సిగ్నల్ వచ్చింది, 0 అయితే టైమ్ అయిపోయింది, ప్లస్ అయితే ఓకే.

నన్ను బాగా ఏడిపించింది మాత్రం పీఎం రన్‌టైమ్ గెట్ సింక్. పడుకున్న డివైస్‌ని లేపితే 0 ఇస్తది, అప్పటికే లేచి ఉంటే 1 ఇస్తది. సున్నా కాకపోతే ఎర్రర్ అని రాస్తే మొదటిసారి పనిచేసి వెంటనే రెండోసారి పిలిస్తే ఫెయిల్, కాసేపాగి పిలిస్తే మళ్ళీ పాస్, ప్రింట్‌లు పెట్టి నిదానంగా చూస్తేనేమో అసలు తప్పే కనపడదు. ఇంకో మెలిక కూడా ఉంది, ఫెయిల్ అయినా యూసేజ్ కౌంట్ (ఎంతమంది వాడుతున్నారన్న లెక్క) పెరిగే ఉంటది, మీరు తగ్గించకపోతే ఆ డివైస్ ఇంక జన్మలో నిద్రపోదు. 5.10 నుంచి రిజ్యూమ్ అండ్ గెట్ అని ఉంది, అది 0 లేదా మైనస్ మాత్రమే ఇస్తది, ఫెయిలైతే కౌంట్ అదే దించేస్తది.

పీసీఐ కాన్ఫిగ్ రీడ్ ఇంకో వింత, ఫెయిల్ అయితే ప్లస్ నంబర్ ఇస్తది. డివైస్ లేదు అంటే 0ఎక్స్86, అంటే 134, నా 135కి ఒక్కటి తక్కువ. "మైనస్ అయితే" అన్న చెక్కు దీన్ని పట్టుకోనే లేదు. పీసీఐ బయాస్ ఎర్రర్‌ని ఎర్రర్ నంబర్‌గా మార్చే ఫంక్షన్ కెర్నెల్‌లోనే ఉంది, దాన్లోంచి పంపండి. అసలు రిటర్న్ వాల్యూనే లేని రీడ్ఎల్ (డివైస్ రిజిస్టర్‌ని నేరుగా చదివేది) సంగతి మరీ ఘోరం, కార్డు ఊడిపోతే అన్ని బిట్లూ 1లే వస్తాయి. అన్నీ ఎఫ్‌లే కనపడితే నిజంగా రిజిస్టర్ వాల్యూనా, అసలు డివైసే లేదా అని, ఆ డివైస్‌లో ఎప్పటికీ అన్నీ ఎఫ్‌లు రాని రిజిస్టర్ ఒకటి చదివి తేల్చుకోవాలి.

కాపీ ఫ్రమ్ యూజర్ ఇంకా కాపీ కాని బైట్లు ఎన్నో ఇస్తది. దాన్ని అలాగే రైట్ ఫంక్షన్‌లోంచి రిటర్న్ చేస్తే, 4 బైట్లు కాపీ అవ్వలేదు అన్నది యూజర్‌కి 4 బైట్లు రాసేశాం అని వెళ్తది. మైనస్ ఈఫాల్ట్ ఇవ్వాలి అక్కడ.

పాయింటర్లు: సున్నా ఎవరు, ఎర్రర్ ఎవరు

డెవ్‌ఎం కేజెడ్‌అలాక్ ఫెయిలైతే నల్ (ఖాళీ పాయింటర్, అంటే 0). డెవ్‌ఎం క్లాక్ గెట్ ఫెయిలైతే ఎర్రర్ పాయింటర్ (ఎర్రర్ నంబర్‌ని లోపల దాచుకున్న పాయింటర్). డెవ్‌ఎం ఐఓరీమ్యాప్ అయితే నల్, దాని పక్కనే ఉన్న డెవ్‌ఎం ఐఓరీమ్యాప్ రిసోర్స్ అయితే ఎర్రర్ పాయింటర్. ఉప్పూ కర్పూరం లాగా చూడ్డానికి ఒకటే. తారుమారు చేస్తే చెక్ దాటుకుని వెళ్ళి కెర్నెల్ ఊప్స్ (క్రాష్) కొడతది.

దీనికి చాలామంది వేసే మందు, నల్ అయినా ఎర్రర్ అయినా పట్టుకునే ఐఎస్ ఎర్ర్ ఆర్ నల్. వాడొద్దంటాను నేను. జీపీఐఓడీ గెట్ ఆప్షనల్‌లో నల్ అంటే "ఆ పిన్ను ఈ బోర్డులో లేదు, పర్లేదు, ముందుకెళ్ళు" అని అర్థం. మీరు రెండూ కలిపి పట్టుకుని పీటీఆర్ ఎర్ర్ రిటర్న్ చేస్తే, నల్‌కి పీటీఆర్ ఎర్ర్ 0, ప్రోబ్ (డివైస్ దొరికినప్పుడు కెర్నెల్ పిలిచే మన ఫంక్షన్) సగంలో ఆగిపోయి 0 రిటర్న్ చేస్తది, కెర్నెల్ డ్రైవర్ సక్సెస్‌ఫుల్‌గా ఎక్కింది అనుకుంటది. ఎర్రర్ మెసేజ్ లేదు, డివైస్ లేదు. ఇలాంటిది ఒకటి వెతకడానికి నాకు ఒక ఆదివారం పోయింది.

అసలు చెయ్యాల్సింది

గుమ్మం దగ్గరే ఆపండి. అంటే డ్రైవర్ కోడ్ అంతా తిరిగి ప్రతి చోటా ఇక్కడ 2, అక్కడ 8, ఇంకోచోట మైనస్ అని చెక్కులు పెట్టొద్దు, కింది లేయర్‌ని పిలిచే ప్రతి ఫంక్షన్‌కి ఒక చిన్న రేపర్ (దాని చుట్టూ తొడిగే ఫంక్షన్) రాసి, దాంట్లోనే ఆ భాషని మన భాషలోకి మార్చండి. మన భాష ఒకటే, 0 లేదా మైనస్ ఎర్రర్, డేటా మాత్రం పాయింటర్‌లో. రేపర్ పైన ఉన్న కోడ్‌కి కింద ఐటూసీ ఉందో ఎస్పీఐ ఉందో తెలియాల్సిన పని లేదు. తెలుగులో రాస్తే ఇలా ఉంటది, కొట్టేటప్పుడు ఇంగ్లీషులో కొట్టండి బాబూ:

స్టాటిక్ ఇంట్ గది_రీడ్(స్ట్రక్ట్ ఐటూసీ_క్లయింట్ *సి, యూ8 రెగ్, యూ8 *విలువ)
{
    ఇంట్ రెట్ = ఐటూసీ_ఎస్ఎంబస్_రీడ్_బైట్_డేటా(సి, రెగ్);

    ఇఫ్ (రెట్ < 0)
        రిటర్న్ రెట్;

    *విలువ = రెట్;
    రిటర్న్ 0;
}

ఇంతే. ముందు ఇంట్‌లోకి తీసుకున్నాం, చెక్ చేశాం, ఆ తర్వాతే యూ8లోకి దించాం. ఎర్రర్ అయితే విలువని ముట్టుకోలేదు చూడండి, అది కూడా ముఖ్యం, పైవాడి దగ్గర ఉన్న పాత రీడింగ్ పాడవ్వకూడదు. ఐటూసీ ట్రాన్స్‌ఫర్‌కైతే రెట్ 2 వస్తే 0, మైనస్ వస్తే వచ్చింది వచ్చినట్టు, మిగతా ఏదొచ్చినా మైనస్ ఈఐఓ. ఇది నా తెలివేం కాదు, కెర్నెల్‌లో రెగ్‌మ్యాప్ (చిప్ రిజిస్టర్లు చదవడానికి, రాయడానికి ఉన్న రెడీమేడ్ కోడ్) ఐటూసీ కోడ్ తెరిచి చూడండి, అచ్చం ఇదే చేస్తది. నిజానికి మీది మామూలు రిజిస్టర్ల చిప్ అయితే సొంత రేపర్ ఎందుకు, రెగ్‌మ్యాపే వాడేయండి.

రేపర్ రాసే ముందు ఆ ఫంక్షన్ సోర్స్ తెరిచి రిటర్న్ అన్న మాట ఎక్కడెక్కడుందో చూడండి. పైన కామెంట్ ఒక్కటే చదివి వదిలెయ్యొద్దు, కామెంట్ రాసినప్పటికీ ఇప్పటికీ కోడ్ మారిపోయి ఉండొచ్చు. నేనైతే ఒక కాగితం మీద "సక్సెస్ అంటే ఏంటి, సగం అంటే ఏంటి, ఫెయిల్ అంటే ఏంటి" అని మూడు గడులు గీసి ఫంక్షన్‌కో వరస రాసుకుంటా. టీ తాగేలోపు అయిపోద్ది. మధ్య గడి, సగం జరిగింది అన్నది, జనాలు మర్చిపోయేది అదే.

వేరియబుల్ టైపుల గురించి ఒక్క మాట. యూ8 సంగతి చెప్పా. యూ32లో ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్) నంబర్ పెట్టి "సున్నా కన్నా తక్కువా" అని అడిగితే ఆ కండిషన్ ఎప్పటికీ నిజం కాదు. బూల్ అయితే ఇంకా దారుణం, మైనస్ ఈఐఓ కూడా ట్రూ అయి కూర్చుంటది.

ఎర్రర్ నంబర్‌ని పాడుచెయ్యకుండా పైకి పంపడం

రేపర్‌లో అన్నిటినీ మైనస్ ఈఐఓ చేసేద్దాం, గొడవుండదు కదా అనిపిస్తది. చెయ్యకండి. ప్రోబ్‌లో క్లాక్ అడిగితే మైనస్ 517 వచ్చిందనుకోండి, అది ఈప్రోబ్‌డిఫర్, "క్లాక్ డ్రైవర్ ఇంకా రాలేదు, కాసేపాగి రా" అని. దాన్ని మీరు ఈనోడెవ్ చేసి పంపితే కెర్నెల్ మళ్ళీ పిలవదు. బూట్‌లో డ్రైవర్లు ఏ వరసలో వస్తాయో దాన్ని బట్టి ఒక బోర్డులో పనిచేసి ఇంకో బోర్డులో పనిచెయ్యదు. 5.9 నుంచి డెవ్ ఎర్ర్ ప్రోబ్ ఉంది, అది డిఫర్ అయితే లాగ్ నింపకుండా ఊరుకుంటది, మిగతా ఎర్రర్లు ప్రింట్ చేస్తది, ఇచ్చిన నంబర్‌నే తిరిగిస్తది.

మార్చాల్సింది అబద్ధం చెప్పే నంబర్లని మాత్రమే. బెజవాడ ఆటోనగర్‌లో మా ఫ్రెండ్ ఒకడికి ఒక కార్డ్ రీడర్ వచ్చింది, దాంతో పాటు వచ్చిన డ్రైవర్లో ఏ తప్పు జరిగినా రిటర్న్ మైనస్ 1. కెర్నెల్‌లో మైనస్ 1 అంటే ఈపర్మ్, యూజర్‌కి "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అని కనపడతది. వీడు సాయంత్రం దాకా ఛమోడ్ కొట్టి, సుడో కొట్టి, యూడెవ్ రూల్స్ రాసి, చివరికి ఫోన్ చేసి "మావా, రూట్‌కి కూడా పర్మిషన్ లేదంటందిరా ఇది" అన్నాడు. చూస్తే కేబుల్ సరిగ్గా ఎక్కలేదు. ఇలాంటి డ్రైవర్లకి గుమ్మంలోనే మైనస్ 1ని ఈఐఓ చెయ్యండి, ప్లస్ ఎర్రర్ కోడ్లుంటే ఒక స్విచ్ పెట్టి ఒక్కోదాన్ని మార్చండి, తెలియని కోడ్ వస్తే అసలు నంబర్‌ని డెవ్ డీబగ్‌లో ప్రింట్ చేసి ఈఐఓ ఇవ్వండి. ఈఎన్ఓటీసప్ అని 524 నంబర్ ఒకటుంది, అది కెర్నెల్ లోపలి సరుకు, బయటికి వదిలితే యూజర్‌కి "అన్‌నోన్ ఎర్రర్ 524" అని వస్తది, ఈఓపీనాట్‌సప్ వాడాలి దాని బదులు.

మరి రీట్రై? నా రెండో తప్పు ఉంది కదా. నంబర్ పేరు పెట్టి అడక్కుండా తిప్పి అడగండి, ఏ ఎర్రర్‌కి రీట్రై దండగ అని. ఈఇన్‌వాల్, ఈనోమెమ్, ఈఓపీనాట్‌సప్ వస్తే వెంటనే వెనక్కి, మిగతా వాటికి మూడుసార్లు మధ్యలో కొన్ని మిల్లీసెకన్లు ఆగి. ఏటీ24 ఈప్రామ్ (చిన్న మెమరీ చిప్) డ్రైవర్ చూడండి, ఆ చిప్ లోపల రాసుకునేటప్పుడు అసలు పలకదు, అందుకని ఆ డ్రైవరు ఏ ఎర్రరొచ్చినా పట్టించుకోకుండా డీఫాల్ట్‌గా 25 మిల్లీసెకన్ల దాకా మళ్ళీ మళ్ళీ అడిగి, అప్పటికీ పలక్కపోతే ఈటైమ్డ్‌అవుట్ ఇస్తది. కింద ఏ ఐటూసీ డ్రైవర్ ఉన్నా దానికి ఒకటే. ఒక్క జాగ్రత్త, చదివితే చెరిగిపోయే రిజిస్టర్లు, ఫిఫోలు (డేటా వరసగా నిలబడే క్యూలు) ఉంటే గుడ్డిగా రీట్రై పెట్టకండి, మొదటిసారి డేటా వచ్చి మధ్యలో పోయి ఉంటే రెండోసారి చదివేది దాని తర్వాతది.

ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో (డివైస్ "నన్ను చూడు" అని పిలిస్తే నడిచే ఫంక్షన్) మాత్రం ఈ రూల్స్ ఏవీ నడవవు. అక్కడ "నాది కాదు", "నేను చూసుకున్నా", "థ్రెడ్‌ని లేపు" అనే మూడే మాటలు. మైనస్ ఈఐఓ ఇస్తే బోగస్ రిటర్న్ వాల్యూ అని లాగ్‌లో తిడతది. రీడ్ ఫెయిలైంది కదా అని ప్రతిసారీ "నాది కాదు" అన్నా ఇబ్బందే, లక్ష ఇంటరప్ట్‌లలో 99,900 పైన ఎవరూ పట్టించుకోకపోతే నోబడీ కేర్డ్ అని కెర్నెల్ ఆ లైన్‌నే ఆపేస్తది.

టెస్ట్ చేసే పద్ధతి

ఎర్రర్ దారి ఒక్కసారైనా నడవకపోతే అది పనిచేస్తదని నేను నమ్మను. బల్ల మీద సెన్సర్ రీడింగ్ వస్తుండగా ఎస్‌డీఏ (ఐటూసీలో డేటా) వైరు పీకండి, ఏమొచ్చిందో చూడండి, మళ్ళీ పెట్టండి, రీడింగ్ తిరిగొచ్చిందా లేదా. తర్వాత అదే సెన్సర్‌ని ఐటూసీ-జీపీఐఓ మీద పెట్టి అదే పని. రెండిట్లో లాగ్‌లో నంబర్లు వేరుగా రావాలి, మీ డ్రైవర్ నడవడిక మాత్రం ఒకేలా ఉండాలి. ఐటూసీ-జీపీఐఓలో ఫాల్ట్ ఇంజెక్టర్ కూడా ఉంది, కాన్ఫిగ్‌లో ఆన్ చేస్తే డీబగ్ఎఫ్ఎస్‌లోంచి లైన్ లాగి పట్టుకోవచ్చు, వైర్లు పీకి పీకి పిన్నులు వంగిపోకుండా. మెమరీ దొరకని దారికి ఫెయిల్‌స్లాబ్ ఉంది. అన్‌సైన్డ్‌ని సున్నాతో పోల్చే తప్పులకి కోక్సినెల్ (కోడ్‌లో తప్పులు వెతికే టూలు) స్క్రిప్టు కెర్నెల్ సోర్స్‌లోనే ఉంటది, మేక్ కోకిచెక్ కొట్టండి, స్మ్యాచ్ అనే ఇంకో టూలు కూడా బాగా పడతది ఇలాంటివి. మీ రేపర్లకి మస్ట్ చెక్ అట్రిబ్యూట్ తగిలించండి, రిటర్న్ చూడకుండా వదిలేస్తే కంపైలరే అడుగుద్ది.

లాగ్‌లో ప్రింట్ చేసేటప్పుడు ఉత్త నంబర్ బదులు పర్సెంట్ పీఈ ఫార్మాట్ వాడితే (5.5 నుంచి ఉంది, కాన్ఫిగ్‌లో సింబాలిక్ ఎర్రర్ నేమ్ ఆన్‌లో ఉండాలి) ఎర్రర్ పేరే పడతది, రాత్రి రెండింటికి లెక్కలు చేసుకునే పని తప్పుద్ది.

ఇప్పుడు స్టోరేజీలో ఉన్న డ్రైవర్‌ని హెచ్‌డబ్ల్యూమాన్ (సెన్సర్ రీడింగులని ఫైళ్ళలా చూపించే కెర్నెల్ భాగం) కిందకి మార్చా, దాని రీడ్ ఫంక్షన్ కూడా 0 లేదా మైనస్, విలువ పాయింటర్‌లో మిల్లీడిగ్రీల లెక్కన. సెన్సర్ పలక్కపోతే ఆ ఫైల్ చదివేవాడికి నంబర్ రాదు, ఎర్రరే వస్తది, పైథాన్ స్క్రిప్టు దాన్ని పట్టుకుని ఆ గడి ఖాళీగా వదిలి పక్కన ఎర్రర్ పేరు రాస్తది. మొన్న మళ్ళీ ఒక వైరు లూజైంది, ఎలక బాపతు. ఈసారి ఓనర్ గారికి వెళ్ళిన మెసేజ్ "3వ గది సెన్సర్ పలకట్లేదు, చివరి రీడింగ్ 6, రాత్రి 1:40కి". ఆయన తెల్లారాకే ఫోన్ చేశారు.